గతుకుకీ నడుముకీ మధ్య

"షాకప్ టైట్ చేసేదా, లూజ్ చేసేదా అన్నా?"

సర్వీసింగుకి బండి ఇచ్చినప్పుడు ఈ ప్రశ్న వినని వాళ్ళు తక్కువ. మనమూ ఏదో ఒకటి చెప్పేస్తాం. నడుంనొప్పి గుర్తొస్తే లూజంటాం. వెనక ఇంకొకరు కూర్చున్నప్పుడు గుంతలో బండి ధడేల్మనడం గుర్తొస్తే టైటంటాం. అతను కొక్కెం స్పానరు తగిలించి, స్ప్రింగు అంచున మెట్లుమెట్లుగా ఉన్న రింగుని ఒక మెట్టు అటో ఇటో తిప్పుతాడు. స్ప్రింగు గట్టిపడిందనో మెత్తబడిందనో అతనూ అనుకుంటాడు, మనమూ అనుకుంటాం.

ఒకే రకంగా చుట్టిన మామూలు స్ప్రింగయితే, ఆ రింగు ఎన్ని మెట్లు తిప్పినా దాని గట్టితనం వీసమెత్తు మారదు. మారేది వేరే ఉంది. అదేమిటో తెలిస్తే వెనక సస్పెన్షన్ బాగుచేసుకోవడంలో సగం పని పైసా ఖర్చు లేకుండా అయిపోతుంది. మిగతా సగానికి డబ్బు పెట్టక తప్పకపోయినా, ఎక్కడ పెట్టకూడదో తెలుస్తుంది.

వెనక చక్రానికి స్ప్రింగులుండడం ఇవాళ వింత కాదు గానీ 1940లలో వింతే. అప్పటి చాలా మోటారు సైకిళ్ళలో స్ప్రింగుల భాగ్యం ముందు చక్రానికే దక్కేది. వెనక చక్రాన్ని నేరుగా ఫ్రేముకి బిగించేసేవారు. నడిపేవాడి నడుము బాధ్యత సీటు కింది రెండు స్ప్రింగులదే. 1948లో ఇంగ్లండులో కోల్‌మోర్ కప్ ట్రయల్ అనే పోటీకి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు కొత్త బుల్లెట్ నమూనాలు తెచ్చారు. వాటి వెనక చక్రం, ఒక చివర కీలుతో పైకీ కిందికీ ఊగే చట్రం మీద ఉంది. దాన్నే స్వింగ్ ఆర్మ్ అంటున్నాం. రాళ్ళూ బురదా ఉన్న దారిలో వెనక చక్రం బిగుసుకుని ఉంటేనే పట్టు దొరుకుతుందని ఆనాటి పోటీదారుల్లో చాలామంది నమ్మకం. కానీ రాయి ఎక్కి దిగేటప్పుడు నేలని వదలకుండా అంటిపెట్టుకోగలిగింది ఊగే చక్రమే. ఆ బుల్లెట్టే సైన్యం అవసరాల పుణ్యమా అని 1950లలో మద్రాసు చేరింది. 1955లో అక్కడ ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది.

సస్పెన్షన్ అంటే మనకి ముందు సుఖం గుర్తొస్తుంది. దాని అసలు ఉద్యోగం టైరుని నేల మీద ఉంచడం. గాల్లో ఉన్న టైరుకి బ్రేకూ లేదు, మలుపూ లేదు.

*

ఇప్పుడు రింగు సంగతి చూద్దాం. స్ప్రింగుని ఎంత బలంతో నొక్కితే దానికి తగ్గ నిష్పత్తిలో అంత కుంగుతుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. ఒక ఊహా బండి మీద ఆ సూత్రాన్ని నడిపిద్దాం. దీని వెనక చక్రం పైకీ కిందికీ కదలగల దూరం మొత్తం 80 మిల్లీమీటర్లు. 2009లో వచ్చిన పాత క్లాసిక్ 350కి ఉన్నది ఇంతే. రెండు స్ప్రింగులూ కలిసి, చక్రం దగ్గర కొలిస్తే, 1 మిల్లీమీటరు కుంగడానికి 2.5 కిలోల బరువు కావాలనుకుందాం. భౌతికశాస్త్రం చదివినవాళ్ళు బలాన్ని న్యూటన్లలో చెప్పమంటారు గానీ మెకానిక్ షెడ్డులో కిలోలే హాయి.

బండి వెనక భాగమూ, నడిపే మనిషీ కలిసి స్ప్రింగుల మీద వేసే బరువు 110 కిలోలు. స్ప్రింగు ఊరికే వదులుగా ఉంటే 44 మి.మీ. కుంగాలి. అలా వదులుగా ఉంచరు. ఫ్యాక్టరీలోనే కొంత నొక్కి బిగిస్తారు. ఈ ముందస్తు నొక్కుడు చక్రం దగ్గర 16 మి.మీ.కి సమానమనుకుంటే, మొదటి 40 కిలోల దాకా స్ప్రింగు కదలనే కదలదు. మిగిలిన 70 కిలోలకి 28 మి.మీ. కుంగుతుంది. ఇంకా 52 మి.మీ. చేతిలో ఉంది.

వెనక 60 కిలోల మనిషి ఎక్కాడు. ఆ బరువు దాదాపు అంతా వెనక చక్రం మీదే పడుతుంది. ఇంకో 24 మి.మీ. దిగిపోయాం. గుంతొచ్చినా స్పీడ్ బ్రేకరొచ్చినా నెట్టుకురావడానికి మిగిలింది 28 మి.మీ. మాత్రమే. అదీ అయిపోయాక చివరన ఉన్న రబ్బరు ముక్కకి కొట్టుకున్నప్పుడు వచ్చే శబ్దమే ఆ "ధడేల్".

ఇప్పుడు రింగుని కింది మెట్టు నుంచి ఐదో మెట్టుకి తిప్పాం. మెట్టుకి 4 మి.మీ. చొప్పున నొక్కుడు మరో 16 మి.మీ. పెరిగింది. బండి అంత మేరా పైకి లేచి, 44 మి.మీ. చేతికొచ్చింది. ధడేల్ తగ్గింది. కానీ ఇక్కడి నుంచి ఒక మిల్లీమీటరు కుంగాలన్నా ఇప్పటికీ కావలసింది అదే 2.5 కిలోలు. అంటే రింగు తిప్పి మనం మార్చింది చక్రం నిలబడే చోటుని మాత్రమే.

అయితే ఒక్కడే వెళ్ళేటప్పుడు రింగు పైమెట్టులో ఉంటే బండి కర్రలా ఎందుకనిపిస్తుంది? లెక్క చూడండి. ఒక్క మనిషికి 28 కుంగాల్సినది ఇప్పుడు 12 మి.మీ. మాత్రమే కుంగింది. చక్రం కిందికి జారడానికి ఉన్నది ఆ 12 మాత్రమే. గుంత దానికన్నా లోతుగా ఉంటే చక్రం వేలాడిపోతుంది, దాని వెంట బండి మొత్తం గుంతలోకి పడుతుంది. మన రోడ్ల మీద బుడిపెలెన్నో గుంతలూ అన్ని. స్ప్రింగుకి పైన ఎంత చోటు కావాలో కింద కూడా కొంత చోటు కావాలి.

ఆ చోటెంతో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. టేపూ, సాయానికి ఇద్దరు మనుషులూ చాలు. మెయిన్ స్టాండు వేస్తే వెనక చక్రం గాల్లో వేలాడుతుంది. చక్రం ఇరుసు మధ్య నుంచి, దానికి నిట్టనిలువుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత స్టాండు తీసి, రోజూ వేసుకునే బూట్లతో, హెల్మెట్‌తో, భుజాన సంచితో సహా ఎక్కి కూర్చోండి. ముందు ఒకరు బండి కదలకుండా పట్టుకోవాలి. ఇంకొకరు మళ్ళీ అదే దూరం కొలవాలి. తేడాయే కుంగుబాటు. కీళ్ళలో రాపిడి వల్ల ఈ అంకె కొంచెం అబద్ధం చెబుతుంది. అందుకని ఒకసారి సీటు నొక్కి మెల్లగా లేవనిచ్చి, ఒకసారి పైకెత్తి మెల్లగా దిగనిచ్చి, రెండింటి సగటు తీయాలి. మొత్తం ప్రయాణంలో పావు వంతు నుంచి మూడో వంతు మధ్య ఉంటే సరిపోయినట్టే. 80 మి.మీ. బండికి 20 నుంచి 27. రోజూ ఒక్కరే తిరుగుతూ ఆదివారం మాత్రమే ఇద్దరు వెళ్ళేవాళ్ళు ఆదివారం పొద్దున రింగు తిప్పుకోవాలి. స్పానరు టూల్ కిట్‌లో ఇచ్చింది అందుకే. చాలామంది ఇళ్ళలో అది పుట్టిన నాటి తళతళతో అలాగే ఉంటుంది.

ఇదంతా చేసే ముందు టైర్లలో గాలి చూసుకోవాలని వేరే చెప్పాలా? టైరూ ఒక స్ప్రింగే. బంకులో కుర్రవాడు అడిగి కొట్టడు. మాన్యువల్‌లోనో చైన్ కవరు మీదనో ఒక్కరికింత, ఇద్దరికింత అని రాసి ఉన్న అంకెని మనమే చెప్పాలి.

*

స్ప్రింగు ఒక్కటే ఉంటే ఏమవుతుందో ఆయిల్ కారిపోయిన షాకప్‌లతో తిరిగే పాత బండి చూస్తే తెలుస్తుంది. ఒక స్పీడ్ బ్రేకరు దాటాక నాలుగుసార్లు సలాము కొడుతూ పోతుంది. స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది తప్ప ఖర్చు చేయదు. మన ఊహా బండి ఒక్క మనిషితో ఉంటే సహజంగా సెకనుకి 2.4 సార్లు ఊగుతుంది. ఇద్దరు ఎక్కితే 1.9 సార్లు. మనిషి నడకలో సెకనుకి సుమారు రెండడుగులు పడతాయి కనుక ఆ ఊపు మన శరీరానికి అలవాటైనదే. సెకనుకి 4 నుంచి 8 సార్లు కుదిపే ఊపులే మన పొట్టకీ వెన్నుకీ పడవు. గట్టి స్ప్రింగులు వేయిస్తే ఊపు అటువైపే జరుగుతుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి కట్టిన లెక్క అది. ఆ వేగంలో దాన్ని దాటడానికి 0.53 సెకన్లు పడుతుంది. అంటే సెకనుకి 1.9 ఊపుల లయ. ఇద్దరితో వెళుతున్న మన బండి సహజ లయ సరిగ్గా అదే! ఊయలని సమయం చూసి తోసినట్టు అయి, అదుపు చేసేదేదీ లేకపోతే బండి లేచి లేచి పడుతుంది.

అదుపు చేసేది షాకప్ గొట్టంలోని నూనె. లోపల ఒక పిస్టను, దానికి సన్నటి దారులు. పిస్టను కదలాలంటే నూనె ఆ దారుల్లోంచి దూరాలి. సూదిమందు వేసే సిరంజిని మెల్లగా నొక్కితే సుతారంగా పోతుంది, గబుక్కున నొక్కితే బొటనవేలు నొప్పెడుతుంది. షాకప్ స్వభావమూ అంతే, కుంగిన దూరాన్ని కాక కుంగే వేగాన్ని అడ్డుకుంటుంది. అలా అడ్డుకున్న శక్తి వేడిగా మారుతుంది. మన బండి చక్రం దగ్గర 30 మి.మీ. ఊగి ఆగిందంటే నూనెలో 11 జౌళ్ళ శక్తి వేడైపోయిందన్నమాట. ఒక కిలో రాయిని నడుమెత్తు దాకా ఎత్తినంత. ఒక్క గతుకుకి ఇది పెద్ద విషయం కాదు, పది కిలోమీటర్ల గతుకుల దారికి పెద్ద విషయమే.

ఈ వేడి ఒక పరీక్ష కూడా. గతుకుల దారిలో కాసేపు నడిపాక దిగి, రెండు షాకప్‌ల గొట్టాలనీ చేత్తో తాకి చూడండి. రెండూ ఇంచుమించు సమానంగా వెచ్చగా ఉండాలి. ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది పని మానేసిందని అర్థం. సైలెన్సరు వైపు ఉన్నదానికి అరువు వేడి కొంత తగులుతుంది, అది మినహాయించుకోవాలి. సీటు మీద బరువేసి నొక్కి వదిలితే వెంటనే లేచి అక్కడే ఆగాలి. లేచి, మళ్ళీ దిగి, మళ్ళీ లేస్తే నూనె అయిపోయినట్టే. మెరిసే రాడ్డు మీద జిడ్డు పట్టి దానికి దుమ్ము అంటుకుని ఉంటే సీలు పోయినట్టు.

నూనె దారులు పైకీ కిందికీ ఒకేలా ఉండవు. చక్రం పైకి లేచేటప్పుడు సులువుగానూ, తిరిగి దిగేటప్పుడు బిగువుగానూ ఉండేట్టు అమరుస్తారు. గతుకు చక్రాన్ని నెట్టేటప్పుడు అడ్డుపడితే ఆ దెబ్బ మన నడుముకే చేరుతుంది. స్ప్రింగు దాచుకున్నదాన్ని తిరిగి విసిరేటప్పుడే పట్టుకోవాలి.

చవక షాకప్‌కీ ఖరీదైనదానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. ప్రమాణం ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకరు మీద, 25 కి.మీ. వేగంలో, చక్రం పైకి లేచే వేగం సగటున సెకనుకి 0.38 మీటర్లు. ఇక కాలనీవాళ్ళు రాత్రికి రాత్రి సిమెంటుతో పోసుకున్న దిమ్మె ఉందనుకోండి. 15 సెంటీమీటర్ల దూరంలో 5 సెంటీమీటర్లు లేస్తుంది. దాన్ని 40 కి.మీ. వేగంతో ఎక్కితే చక్రం లేవాల్సిన వేగం సెకనుకి 3.7 మీటర్లు, అంటే దాదాపు పది రెట్లు. సన్నటి రంధ్రంలోంచి నూనె దూరేటప్పుడు ఎదురయ్యే అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కనుక, కాగితం మీద సుమారు వంద రెట్ల బలం. ఇందులో చాలావరకు టైరు నలిగి మింగేస్తుంది లెండి. అయినా ఆ క్షణానికి షాకప్ ఇనుపకడ్డీ అయిపోతుంది. ఖరీదైన వాటిలో పిస్టను మీద పల్చటి ఉక్కు రేకులు దొంతరగా ఉంటాయి. ఒత్తిడి పెరిగితే అవి వంగి నూనెకి పెద్ద దారి ఇస్తాయి. ఆ రేకులు కొనలేనివాళ్ళకి ఉన్న మార్గం దిమ్మె ముందు వేగం సగానికి తగ్గించడం. అదే వర్గం లెక్కన బలం పావు వంతుకి దిగుతుంది.

నూనెకి ఇంకో జబ్బుంది. వేగంగా చిలికితే నురుగు కడుతుంది. నురుగుకి రంధ్రంలోంచి జారిపోవడం చాలా సులువు, కనుక అదుపు పోతుంది. ఫ్రాన్సుకి చెందిన క్రిస్టియన్ బూర్సియే ద కార్బన్ 1953లో దీనికి మందు కనిపెట్టాడు. ఒకే గొట్టంలో నూనె వెనక ఒత్తిడితో నైట్రోజన్ నింపి ఉంచితే నురుగుకి అవకాశం ఉండదు. పల్సర్ల షాకప్ పక్కన 'నైట్రాక్స్' అని రాసి కనిపించిన చిన్న డబ్బాలో వాయువు చేసే పని ఇదే. ఆ డబ్బా ఆకర్షణ ఎంతటిదంటే, ఇప్పుడు బజార్లో ఎర్రవీ బంగారు రంగువీ డబ్బాలు తగిలించిన చవక షాకప్‌లు దొరుకుతున్నాయి. కొన్నిటిలో అది ఉత్త అలంకారం, లోపల గొట్టానికీ దానికీ దారే ఉండదు. ఆ డబ్బు పెట్టే బదులు సొంత బండికి కంపెనీ ఇచ్చే మామూలు జత కొనుక్కోవడం మేలు.

*

స్ప్రింగు పాతబడితే మెత్తబడుతుందన్నది రెండో అపోహ. స్ప్రింగు గట్టితనం నాలుగింటి మీద ఆధారపడుతుంది: ఉక్కు స్వభావం, తీగ మందం, చుట్ట వెడల్పు, చుట్టల సంఖ్య. పదేళ్ళు వాడితే వీటిలో ఏదీ చెప్పుకోదగ్గంత మారదు. మారేది పొడవు. బరువు మోసి మోసి కొన్ని మిల్లీమీటర్లు పొట్టిదైపోతుంది. పొట్టిదైతే ముందస్తు నొక్కుడు తగ్గి బండి దిగిపోతుంది. మనం దాన్ని మెత్తదనం అనుకుంటాం. కనుక మందు కూడా చవకే. పోయిన పొడవుకి సరిపడా మందమున్న ఉక్కు రింగు ఒకటి లేతు పట్టించి స్ప్రింగు కింద వేయిస్తే చాలు. బిగించాక స్ప్రింగు చుట్టల మధ్య సందులన్నీ కలిపి చూడాలి. రాడ్డు లోపలికి వెళ్ళే దూరం కన్నా ఆ మొత్తం ఎక్కువ ఉండాలి. లేకపోతే చుట్టలు ఒకదానికొకటి తగిలి స్ప్రింగు గొట్టంలా మారిపోతుంది.

నిజంగానే బరువైన మనిషికి గట్టి స్ప్రింగు కావలసి వస్తే తీగ మందం చూడాలి. గట్టితనం మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. తీగ పదో వంతు లావెక్కితే స్ప్రింగు 46 శాతం గట్టిపడుతుంది. చుట్టలు తగ్గించినా గట్టిపడుతుందని కొందరు గ్యాస్ కట్టరుతో చివరి రెండు చుట్టలు కోయిస్తారు. 15 చుట్టల్లో రెండు పోతే 15 శాతం గట్టిపడే మాట నిజమే. కానీ మంట తగిలిన చోట ఉక్కుకి పెట్టిన పదును పోతుంది, కోసిన కొస చదునుగా కూర్చోదు, పొడవు తగ్గి నొక్కుడే లేకుండా పోతుంది. ఇది చవక కాదు, ప్రమాదం. గ్యాసున్న షాకప్‌ని కోసి, నూనె మార్చి, మళ్ళీ వెల్డింగు చేసి ఇస్తామనేవాళ్ళ జోలికీ పోకూడదు. లోపల ఉన్నది ఒత్తిడి.

బజాజ్ చిన్న బండ్లలో వాడిన 'స్ప్రింగ్ ఇన్ స్ప్రింగ్' ఈ లెక్కకి చక్కటి దేశీ జవాబు. పెద్ద స్ప్రింగు లోపల చిన్నదొకటి ఉంటుంది. బరువు తక్కువైతే ఒకటి పనిచేస్తుంది, ఎక్కువైతే రెండోదీ సాయం వస్తుంది.

షాకప్‌ల మీద అనుమానపడే ముందు స్వింగ్ ఆర్మ్ బుష్షులు చూడాలి. మన మెకానిక్కులు చాలామంది దాన్ని చిమ్టా అంటారు. మెయిన్ స్టాండు వేసి వెనక చక్రాన్ని పక్కలకి గుంజితే లొటలొటలాడిందంటే బుష్షులు అరిగాయి. మలుపులో బండి వెనక భాగం తనదారి తాను చూసుకుంటున్నట్టు అనిపిస్తే ఎక్కువసార్లు దోషి ఇదే. షాకప్‌లు మారిస్తే పోదు. కొన్ని వందల రూపాయల బుష్షులకి పోతుంది.

వేరే బండి షాకప్ తెచ్చి వేయించేవాళ్ళు సాధారణంగా పై రంధ్రం నుంచి కింది రంధ్రం దాకా పొడవు సరిపోయిందా అని మాత్రం చూస్తారు. అది మొదటి మెట్టు. ఏటవాలు కూడా లెక్కలోకి వస్తుంది. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలి ఉన్న షాకప్‌లో స్ప్రింగు గట్టితనంలో చక్రానికి అందేది సుమారు 75 శాతమే. నిటారుగా నిలిచే బండి స్ప్రింగు వాలుగా ఉండే బండికి వేస్తే మెత్తబడడానికి కారణం ఇదే. పొడవు ఎక్కువైతే మెయిన్ స్టాండు వేసినా చక్రం నేలని వదలదు. ముందు ఫోర్కు నిటారై హ్యాండిల్ తత్తరపడుతుంది. చైను సంగతి మరీ ముఖ్యం. ఇంజను పళ్ళచక్రం, స్వింగ్ ఆర్మ్ కీలు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైను అన్నిటికన్నా బిగుసుకుంటుంది. కొత్త షాకప్ వేశాక ఇద్దర్ని కూర్చోబెట్టి ఆ గీతలో కూడా చైనుకి కొంత వదులు మిగిలిందో లేదో చూడకపోతే గేర్‌బాక్స్ బేరింగు మూల్యం చెల్లిస్తుంది.

ఈ లెక్కలన్నీ ఒకేసారి ఎదురయ్యేది పాలవ్యాపారి బండికి. 40 లీటర్ల క్యాన్లో పాలు 41 కిలోలు, క్యాన్లు రెండు, వాటి సొంత బరువు అదనం. మొత్తం 90 అనుకుందాం. అవి ఇరుసుకి కొంచెం వెనగ్గా వేలాడతాయి కాబట్టి ఆ బరువులో వంద శాతానికి పైనే వెనక చక్రం మీద పడుతుంది, ముందు చక్రం తేలికవుతుంది. ఆ అదనం పక్కన పెట్టినా మన ఊహా బండి కింది మెట్టులో 64 మి.మీ. కుంగి, 16 మాత్రమే మిగులుతుంది. పైమెట్టుకి తిప్పితే 32. పదో వంతు లావు తీగ స్ప్రింగులు వేయిస్తే కింది మెట్టులోనే 41 మిగులుతుంది. కంపెనీ మాన్యువల్‌లో రాసిన గరిష్ఠ బరువు అప్పటికే దాటిపోయి ఉండవచ్చు. రిమ్ముకీ, స్పోకులకీ, బేరింగులకీ స్ప్రింగు మార్చిన సంగతి తెలియదు. నూనె చేసే అదుపు కూడా పాతదే. స్ప్రింగూ బరువూ పెరిగి అది పెరగకపోతే బండి నిండుగా ఉన్నప్పుడు ఊపు ఆగడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. పాలు పోసేసి తిరిగొచ్చేటప్పుడు అదే లావు స్ప్రింగు 16 మి.మీ.కి మించి కుంగదు. ఊరి దారిలో ఖాళీ క్యాన్లు అంత గడగడలాడడానికి సగం కారణం అది.